వైజాగ్ బీచ్ రోడ్ లాంగ్ రన్ 18 కి.మీ. దగ్గరే ఆగిపోయింది, నా ఫిట్‌నెస్ పోయిందా?

తీరం_పరుగు

అందరికీ నమస్తే. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ నా మొదటి ఫుల్ (42 కి.మీ.), అందుకే మే నుంచే ట్రైనింగ్ మొదలెట్టా. నిన్న ఆదివారం ప్లాన్‌లో 24 కి.మీ. ఉంది, కాళీమాత గుడి దగ్గర స్టార్ట్ చేసి ఋషికొండ దాటి 12 దగ్గర వెనక్కి తిరగాలి. ముందురోజు పెళ్లికెళ్లొచ్చి పడుకునేసరికి పన్నెండున్నర, నాలుగుకి అలారం మోగినా లేవలేకపోయా, రోడ్డు మీదకొచ్చేసరికి 5:40, అప్పటికే సూర్యుడు సముద్రం మీద బాగా పైకొచ్చేశాడు. యాప్‌లో 29 డిగ్రీలు, హ్యుమిడిటీ 84. ఇరవైతొమ్మిదే కదా పర్లేదులే అనుకున్నా.

జనవరిలో ఇదే రోడ్డు మీద 6:30 పేస్‌తో, అంటే కిలోమీటరుకి ఆరున్నర నిమిషాలు, 21 కి.మీ. హాయిగా పరిగెత్తా, నిన్న కూడా అదే పట్టుకున్నా. 5 కి.మీ. దగ్గర హార్ట్ రేట్ 150, ఋషికొండ చేరేసరికి అదే పేస్‌కి 168, వెనక్కి తిరిగాక 175. సాగర్‌నగర్ దగ్గర ఒకపక్క చెమట కారిపోతుంటే ఇంకోపక్క చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని చలేసింది, అప్పుడు నిజంగా భయమేసింది. అయినా తెన్నేటి పార్క్ దాకా లాక్కొచ్చా, అక్కడ ఎత్తు ఎక్కుతుంటే కళ్లు తిరిగి ఫుట్‌పాత్ మీద కూలబడ్డా. కొబ్బరిబొండాలమ్మే ఆయన చూసి పరిగెత్తుకొచ్చి నీడలో కూర్చోబెట్టి, తల మీద నీళ్లు పోసి, రెండు బొండాలు కొట్టిచ్చారు, డబ్బులిస్తుంటే తీసుకోలేదు. ఆటోలో ఇంటికొచ్చి బరువు చూసుకుంటే పొద్దున 71.2 ఉన్నది 68.4 అయింది. దార్లో నేను తాగింది అర లీటరు. ఇంటికొచ్చాక మూడు లీటర్లు మంచినీళ్లు తాగినా తలనొప్పి సాయంత్రం దాకా వదల్లేదు.

వారం మధ్యలో పరుగంతా జిమ్‌లో ఏసీలో ట్రెడ్‌మిల్ మీదే చేస్తా. ఫుల్ వదిలేసి హాఫ్‌కి మారిపోవాలా? లేకపోతే బుధవారం మళ్లీ 24 ట్రై చెయ్యనా? పొద్దున్నుంచి ఇదే ఆలోచన.

లాసన్స్‌బే_అక్క

తమ్ముడూ, బుధవారం 24 మాట మర్చిపో. నాలుగైదు రోజులు నడక, ఈజీ జాగింగ్, అంతే.

నీ ఫిట్‌నెస్ ఎక్కడికీ పోలేదు, నువ్వు జనవరి పేస్‌ని మేలోకి తెచ్చుకున్నావు. మన ఊళ్లో డిగ్రీలు చూస్తే లాభం లేదు, డ్యూ పాయింట్ చూడాలి, అంటే ఎన్ని డిగ్రీలకి చల్లబడితే గాలిలో తడి నీటిబొట్లుగా మారుతుందో అది. 29కి 84 హ్యుమిడిటీ అంటే డ్యూ పాయింట్ 26 దగ్గరుంటుంది, అంటే గాలిలో అప్పటికే తడి బాగా ఎక్కువ, చెమట త్వరగా ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి తీసుకుపోతుంది, అదే లీటరు బొట్లుబొట్లుగా రోడ్డు మీద కారిపోతే ఒంటికి ఒరిగేదేమీ లేదు. నీ షూస్ తడిసి పచ్‌పచ్‌మన్నాయా? అయితే అదే జరిగింది. పైగా వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు పోతుంది, చెమటతో రక్తంలో నీరు కూడా తగ్గుతుంది, అందుకే గుండె అదే పేస్‌కి ఎక్కువసార్లు కొట్టుకోవాల్సొస్తుంది. 150 కాస్తా 175 అయ్యింది అందుకే.

ఇంకోటి, ఇది ఇక్కడ చాన్నాళ్లు పరిగెత్తితే గానీ నాకూ తెలీలేదు. ఎండాకాలం మనకి నైరుతి గాలి, ఋషికొండ వైపు వెళ్తుంటే ఆ గాలి వెనకనుంచి మనతోపాటే వస్తుంది, ఒంటికి గాలి తగిలినట్టే ఉండదు, ఉడికిపోతాం. గాలి తగల్లేదంటే వెళ్లేటప్పుడే స్లో అయిపోవాలి. పొద్దున సూర్యుడు సముద్రం వైపునుంచి కాబట్టి ఆ రోడ్డు మీద నీడ కూడా దొరకదు. నేనైతే మేలో పేస్ చూడనే చూడను, హార్ట్ రేట్ 150 దాటితే నడుస్తా, మళ్లీ దిగాక పరిగెత్తుతా.

క్యాజువాల్టీ_నైట్‌డ్యూటీ

నేను క్యాజువాల్టీలో పనిచేస్తా, ఎండాకాలం ఇలాంటి కేసులు చూస్తుంటా కాబట్టి కాస్త గట్టిగానే చెప్తున్నా. ఎండలో పరిగెత్తుతుంటే చలేసిందంటే అక్కడితో ఆపెయ్యాలి, ఇంకో రెండు కిలోమీటర్లు లాగడం కాదు. మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బ కింద లెక్క, శరీరం 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపే చల్లటి నీళ్లు, ఐసు ఏది దొరికితే అది ఒళ్లంతా పోసి గాలి తగిలేలా చూడాలి. బొండాల ఆయన నీళ్లు పోయడం సరిగ్గా చెయ్యాల్సిన పని.

2.8 కిలోలు తగ్గావంటే నీ బరువులో దాదాపు 4 శాతం, అది చాలా ఎక్కువ, 2 శాతం దాటకుండా చూసుకోవాలి. కానీ వచ్చాక వట్టి నీళ్లు మూడు లీటర్లు పట్టించడం కూడా మంచిది కాదు. చెమటలో సోడియం పోతుంది, దానిమీద మంచినీళ్లు పోస్తే రక్తంలో సోడియం ఇంకా పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం తక్కువుంది, పరిగెత్తుతూ బరువు పెరిగేంతగా తాగినవాళ్లకే ఎక్కువొచ్చింది. ఓఆర్ఎస్ పొడి లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలోనే కలుపుకో, సగం నీళ్లలో కలపొద్దు. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసుకో. తలనొప్పి అని ఐబుప్రొఫెన్ మాత్రం వేసుకోకు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీల మీద పడుతుంది. మూత్రం కోలా రంగులో వస్తే ఆలస్యం చెయ్యకుండా హాస్పిటల్‌కి వెళ్లు.

చోడంబలి_బ్యాచ్

గురూ, వెళ్లి తిరిగొచ్చే రూట్ మేలో వద్దు, ఒంట్లో బాగోకపోతే ఇంటికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంటావు. మేం గుడి దగ్గర స్కూటీ పెట్టి 6 కి.మీ. లూపులు కొడతాం, డిక్కీలో ఐసు నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, తడిగుడ్డ. ప్రతి లూపుకీ ఆగి తాగి మెడ మీద గుడ్డేసుకుని వెళ్తాం. ఏసీ ట్రెడ్‌మిల్ మానేసి రెండు వారాలు రోజూ బయటే స్లోగా అరగంట, ముప్పావుగంట చెయ్, పది పధ్నాలుగు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది, చెమట ముందే పడుతుంది, అందులో ఉప్పు కూడా తగ్గుతుంది. హాఫ్‌కి మారడం గురించి నా మాటయితే ఇప్పుడే తేల్చొద్దు, జూలై ఆఖర్లో చూసుకో.

తీరం_పరుగు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రెండు వారాలయ్యాక రాస్తున్నా. రోజూ పొద్దున బయటే 40 నిమిషాలు చేశా. ఈ ఆదివారం తొమ్మిదిన్నరకే పడుకుని 4:20కి స్టార్ట్, మూడు లూపులు, 18 కి.మీ. హార్ట్ రేట్ 150 దాటితే నడిచా, సగటు పేస్ 7:25 వచ్చింది. మొదట్లో అంత స్లోగా వెళ్లడం చాలా కష్టమనిపించింది కానీ ఆఖరి లూపులో కూడా కాళ్లు నావే అనిపించాయి. బరువు 1.1 కిలో తగ్గింది, మజ్జిగ, ఓఆర్ఎస్ రెండూ తాగా, తలనొప్పి లేదు. రన్ అయ్యాక తెన్నేటి పార్క్ దగ్గరికెళ్లి బొండాల ఆయన్ని కలిశా, గుర్తుపట్టారు. ఈసారి డబ్బులు తీసుకునేదాకా అక్కడే నిలబడ్డా.

వచ్చే ఆదివారం 21కి వెళ్లొచ్చా అక్కా?

లాసన్స్‌బే_అక్క

శనివారం రాత్రి డ్యూ పాయింట్ చూడు. 26 ఉంటే మళ్లీ 18, తక్కువుంటే 21. నేనూ వస్తా, 4:15కి గుడి దగ్గరుండు, మజ్జిగ నేను తెస్తా.