కూలి – కూలీ: ఒక దీర్ఘం గొడవ

చీమకుర్తి నుంచి: గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేసే ఒకాయన లేబర్ ఆఫీసుకి అర్జీ టైపు కొట్టించుకొచ్చాడు. ‘రెండు నెలల కూలీ ఇప్పించగలరు’ అని ఉంది. నాకు నవ్వొచ్చింది గానీ, రెండు నెల్లుగా చేతిలో పైసా లేని మనిషి ముందు ఎట్లా నవ్వేది? కూలి డబ్బు, కూలీ మనిషి కదా. ఈ తేడా మనదేనా?

కావలి నుంచి: అసలు మాట డబ్బుదే. ‘కూలికి పోయినా’ అంటామే, ఆ ‘కి’ చూడండి. మనిషినైతే మా అమ్మ ‘కూలిమనిషి’, ‘కూలోళ్లు’ అనేది. తమిళంలోనూ కూలి అంటే ముందు డబ్బే, మనిషి కావాలంటే ‘ఆళ్’ లాంటి మాట తగిలిస్తారు. దీర్ఘం పెట్టి మనిషిని చెయ్యడం పేపర్లవాళ్ల అలవాటు. నాకు నచ్చదు.

మార్కాపురం నుంచి: దీర్ఘం సంగతి తర్వాత, ముందు ‘వేతనం’ అని మార్చండన్నా. 1948 కనీస వేతనాల చట్టంలోనైనా, 2019 వేతనాల కోడ్‌లోనైనా మాట అదే. కూలి అంటే మేస్త్రి చెప్పిన రోజు రేటే లెక్కకొస్తుంది. కనీస వేతనంలో మూల వేతనం ఉంది, ధరల సూచిని బట్టి ఏప్రిల్లో, అక్టోబరులో మారే కరువు భత్యం ఉంది. ఓవర్‌టైముకి రెట్టింపు రేటు వేరే. ఒక్క మాటకి ఇంత డబ్బు వదులుకోవద్దు.

కావలి నుంచి: కరువు మాకు, భత్యం మేస్త్రికి! ఆ భత్యమే మన బత్తెం, రోజు తిండి ఖర్చు.

ఒంగోలు నుంచి: పనిచేసేది యూనిట్లో గనక రాష్ట్ర కార్మిక శాఖకే ఇవ్వండి. అదే క్వారీలో అయితే గని కిందికొస్తుంది, వేతనాల తనిఖీ కేంద్ర కార్మిక శాఖది. పేలుళ్లు, ప్రమాదాలు చూసే గనుల భద్రత వాళ్లు మళ్లీ వేరు, వాళ్ల ఆఫీసు నెల్లూరులో. జనం నోట్లో మాత్రం అన్నీ లేబర్ ఆఫీసే. ‘ఈరోజు లేబర్ దిగలా’ అనే మేస్త్రికి లేబరంటే మనుషులు, అది ఇంకో చర్చ.

చీమకుర్తి నుంచి: ‘వేతనం’ అని మార్చి చదివి వినిపించా. ‘కూలి అని కూడా రాయన్నా, నేనడిగేది అదే గదా’ అన్నాడు. రెండూ రాశా. దీర్ఘం తీసేశా.