మశూచి టీకా వేయించుకున్నాక గర్భం అని తెలిస్తే?

ప్రశ్న: ల్యాబ్‌లో వ్యాక్సీనియా వైరస్‌తో పనిచేసేవాళ్లకు మశూచి టీకా (ఏకామ్2000) వేస్తారు కదా. వేసిన పది రోజులకు గర్భమని తేలితే తీయించుకోవాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ. అందులో ఉండేది బతికున్న వ్యాక్సీనియా వైరసే, దాని దగ్గరి చుట్టమైన మశూచి వైరస్ కాదు. అది కడుపులో బిడ్డకు సోకడం చాలా అరుదు, ఇప్పటిదాకా నమోదైనవి 50 లోపే. సోకితే మాత్రం ప్రమాదమే: బిడ్డ ఒంటి మీద పుండ్లు, నెలలు నిండకుండా కాన్పు, కొన్నిసార్లు బిడ్డ దక్కకపోవడం. అందుకే టీకా తర్వాత 4 వారాలు గర్భం రాకుండా చూసుకోమంటారు. పొరపాటున వచ్చినా అదొక్కటే తీయించుకోవడానికి కారణం కాదు. డాక్టరుకు టీకా తేదీ చెప్పండి.

జవాబు: భర్త వేయించుకున్నా జాగ్రత్త కావాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. రెండు మొనల సూదితో 15 సార్లు గుచ్చిన చోట పొక్కు లేచి చీము పడుతుంది. పక్కు రాలి కింద కొత్త చర్మం వచ్చేదాకా అక్కడ వైరస్ ఉంటుంది. గాజ్ గుడ్డతో కప్పి పైన పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. తువ్వాలు, పక్కబట్టలు వేరు. కట్టు ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగాలి. గర్భిణి ఆ కట్టు మార్చకూడదు.

అడిగినవారు: మరి నిజంగా మశూచే ఎదురైతే?

జవాబు: అప్పుడు లెక్క తిరగబడుతుంది. 1980లో నిర్మూలన ప్రకటించారు గానీ, అది ఉన్న రోజుల్లో గర్భిణుల్లో రక్తస్రావ రకం మశూచి (చర్మంలో, ఒంటి లోపల రక్తం కారే తీవ్ర రూపం) ఎక్కువగా కనిపించేది, గర్భస్రావాలూ ఎక్కువే. రోగితో దగ్గరగా మెలిగిన గర్భిణికైనా టీకా వేయమంటారు, వీలైతే 3-4 రోజుల్లోపే. వైరస్ శరీరంలో పెరగని ఎంవీఏ-బీఎన్ అనే మరో మశూచి టీకా దొరికితే అదే మేలు: 0.5 మి.లీ. చొప్పున, 28 రోజుల తేడాతో రెండు డోసులు.