జంట జలాశయాల తీర్పు నిజంగా పనిచేసిందా?

కరకట్ట: హైదరాబాద్‌కు తాగునీరిచ్చే జంట జలాశయాలు హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకు 10 కి.మీ. లోపు ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఇవ్వనంది, అప్పీలు అథారిటీ ఇమ్మంది. ఆ కేసులో 1999 జనవరిలో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఎం. జగన్నాధరావు తీర్పు రాశారు: హాని లేదని ఫ్యాక్టరీయే నిరూపించుకోవాలి. ఆయన చేసిన అతిపెద్ద పని ఇదే అంటాను.

వకాల్తా: ఒప్పుకోను. నిరూపణ భారం సంగతి 1996లో వెల్లూరు తోళ్ల శుద్ధి కేసులోనే జస్టిస్ కుల్దీప్ సింగ్ తేల్చేశారు. ఈయన దాన్ని విడమరిచారు. కొత్తది వేరే ఉంది. ఆ ఫ్యాక్టరీ వ్యర్థాల్లో వాడేసిన నికెల్ ఉత్ప్రేరకం ఉంటుంది. అది భూగర్భ జలాల్లోకి దిగి జలాశయానికి చేరుతుందా? ఏ లా పుస్తకంలోనూ దొరకదు. జడ్జీలకు సైన్సు తోడు కావాలని తీర్పులోనే రాసి, నిపుణుల నివేదికలు తెప్పించారు. 2003లో, చట్టాలపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ అధ్యక్షుడిగా 186వ నివేదికలో జడ్జీలు, శాస్త్రజ్ఞులు కలిసి కూర్చునే పర్యావరణ కోర్టులు అడిగారు. 2010 హరిత ట్రైబ్యునల్ చట్టానికి పునాది అదే.

కరకట్ట: సరే, కానీ 2000 డిసెంబరు తుది తీర్పును వదిలేయకండి. జలాశయాలకు 10 కి.మీ. లోపు పరిశ్రమలపై ఉన్న నిషేధం నుంచి ఆ ఒక్క ఫ్యాక్టరీకి ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపును కొట్టేశారు. నిషేధం పెట్టిన చేత్తోనే సందు తీయడం కుదరదన్నమాట.

చెరువుశిఖం: సందు కుదరకపోతే తలుపే తీస్తారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చింది, జలాశయాల రక్షణకు 1996 నాటి జీవో 111 పెట్టిన 84 గ్రామాల ఆంక్షలు ఎత్తేస్తున్నామంటూ. మినహాయింపును కొట్టేయడం తేలిక, విధానమే మారితే కష్టం. ఇక ట్రైబ్యునల్ అంటారా, లా కమిషన్ అడిగింది రాష్ట్రానికో కోర్టు. వచ్చింది ఢిల్లీ, నాలుగు జోన్లు. మనకు చెన్నై.

వకాల్తా: దూరం నిజమే. అంతకన్నా గడువు ముంచుతోంది. పర్యావరణ అనుమతిపై ట్రైబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే ఇంకో 60. 91వ రోజున కేసు ఎంత బలమైనదైనా తీసుకోరు. ఊళ్లో అనుమతి సంగతి బయటపడేది చాలాసార్లు పునాదులు తవ్వాకే. అప్పటికి మిగిలే దారి హైకోర్టు రిట్. అక్కడ బెంచి మీద శాస్త్రజ్ఞుడు ఉండడు.

చెరువుశిఖం: అంటే ఆయన 1999లో ఎత్తిచూపిన లోటు దగ్గరికే మళ్లీ వెళ్తున్నాం. గెలిచిందంటారా దీన్ని?

కరకట్ట: ట్రైబ్యునల్ చట్టంలో 20వ సెక్షన్ చూడండి. ముందు జాగ్రత్త, కాలుష్యం చేసినవాడే చెల్లించడం, సుస్థిరాభివృద్ధి, మూడింటినీ ట్రైబ్యునల్ పాటించి తీరాలి. సగం గెలుపు అంటాను.