మూడో తరగతికి వారం ప్రయోగాలు: పెసలు, ఉప్పు

ప్రశ్న (కావలి): 25 మంది పిల్లలు. గాజుగ్లాసులో పెసలు మొలకెత్తించడం, పళ్లెంలో ఉప్పు తీయడం అనుకున్నా. గింజలు కుళ్లకుండా, శనివారానికి ఉప్పు తేలేలా ఎలా?

జవాబు: చాలావరకు కుళ్లేది నీళ్లెక్కువైతేనే మేడం. ఆదివారం రాత్రి నానబెట్టి, సోమవారం గాజుకీ తడి దూదికీ మధ్య నాలుగేసి గింజలు ఇరికించండి. దూది గట్టిగా పిండాకే పెట్టాలి. అడుగున నీళ్లు నిలిస్తే గింజలు కుళ్లినట్టే. మంగళవారానికి తెల్లటి వేరు తోకలా కనిపిస్తుంది.

జవాబు: లీటరుకి 35 గ్రాముల కల్లుప్పు కలిపితే దాదాపు సముద్రపు నీరే. స్టీలు పళ్లెంలో అర సెంటీమీటరు లోతు చాలు, ఎండలో పెట్టండి. మన ఇస్కపల్లి ఉప్పు మడుల్లోనూ నీళ్లు తక్కువ లోతులోనే పెడతారు. అల్యూమినియం వద్దు, దాన్ని ఉప్పు తినేస్తుంది. మెత్తుప్పూ వద్దు, గడ్డకట్టకుండా కలిపే పొడి వల్ల నీళ్లు మసకబారతాయి.

జవాబు: పళ్లెం కదపనివ్వకండి మేడం, ఉప్పు పలుకు చిన్నదైపోతుంది. మబ్బేస్తే లోపల పెట్టేయండి.