చర్చ: జూడో ఆత్మరక్షణకు పనికొస్తుందా, లేక సరదాకేనా?

కొత్తబెల్టు:
నాకు ముప్పై దాటాయి. ట్రెడ్‌మిల్ మీద నడిచి నడిచి విసుగొచ్చి జూడోలో చేరదామనుకుంటున్నా. మా అక్క కూడా వస్తానంటోంది. నాకు కావాల్సింది సరదా, కాస్త చెమట. ఆవిడ లెక్క వేరు. రాత్రిపూట ఒంటరిగా వచ్చేటప్పుడు ఎవడైనా చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని బయటపడాలంతే. ఒకే క్లాసు ఇద్దరికీ సరిపోతుందా? ఆఫీసులో ఒకాయన మాత్రం "జూడో ఒలింపిక్స్ ఆట, వీధిలో చెల్లదు, డబ్బు దండగ" అని తేల్చేశాడు. నేర్చుకున్నవాళ్లు చెప్పండి.

సూటిమాట:
మీ ఆఫీసాయన అన్నదాంట్లో చాలా నిజముంది. పోటీ కోసం నేర్పే జూడోలో గుద్దులు, తన్నులు ఉండవు. అంతర్జాతీయ సమాఖ్య 2010లో కాళ్లు పట్టి పడేయడం మీద ఆంక్షలు పెట్టింది, 2013కల్లా నడుము కింద చెయ్యి వేయడాన్నే ఆపేసింది. అంటే ఎవడైనా వంగి మీ కాళ్లు లాగితే ఏం చేయాలో చాలా క్లాసుల్లో ఇప్పుడు చెప్పరు.

ఇంకో అలవాటు చూడండి. పోటీలో వెనక్కి పడకూడదని బోర్లా పడి ముడుచుకుపోతారు. కాసేపు అలాగే ఉంటే రిఫరీ "మాతే" (ఆగండి) అని లేపుతాడు. బయట లేపడానికి ఎవడూ రాడు, వీపు మీదా తల మీదా తంతారు. పైగా మీ పట్లన్నీ మందపాటి జూడో జాకెట్ కాలర్ మీదే. టీషర్టు వేసుకున్నవాడి కాలర్ లాగితే చిరిగి చేతికొస్తుంది. సరదాకి చేరండి, మంచిదే. అక్కకి మాత్రం రక్షణ అని చెప్పి చేర్పించకండి.

పాతమ్యాట్:
సూటిమాట గారూ, ముడుచుకుపోయే అలవాటు గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం, మా కోచ్ కూడా దాని మీద అరుస్తూనే ఉంటాడు. టీషర్టు సంగతి ఒప్పుకోను. ఓగోషి వేయడానికి కాలర్ ఎందుకు? ఒక చెయ్యి నడుము చుట్టూ, ఇంకోటి అవతలివాడి మోచేతి దగ్గర, తుంటి కిందకి దూర్చి లేపడమే.

అసలు విషయం రాండోరి, అంటే నిజంగా ఎదిరించే మనిషితో తలపడే సాధన. జూడోని రూపొందించిన కానో జిగోరో 1882లో కొడోకన్ అనే తన బడి పెట్టేనాటికి, జూడోకి మూలమైన పాత జపాన్ యుద్ధకళ జుజుత్సులో భయంకరమైన పట్లకు కొదవ లేదు. వేళ్లు విరవడం, కంట్లో పొడవడం అన్నీ ఉండేవి. వాటిని నిజంగా సాధన చేస్తే శిష్యులు మిగలరు కాబట్టి ముందే అనుకున్న వరసలో నటించినట్టు చేయాల్సి వచ్చేది. కానో ప్రమాదకరమైనవాటిని అలాంటి ముందే అనుకున్న వరసలకే, అంటే కతాలకే, పరిమితం చేసి, మిగిలినవాటిని ఎదుటివాడు పూర్తి బలంతో ఎదిరిస్తుండగా చేయించాడు. పట్ల సంఖ్య తగ్గింది, కానీ ఉన్నవి ఒంటికి పట్టాయి. ఎదిరించేవాడు లేకుండా నేర్చుకున్న ఆత్మరక్షణ ఒడ్డున కూర్చుని నేర్చుకున్న ఈతే.

మొదటిసారి రాండోరికి దిగినవాళ్లని చూడండి. రెండు చేతులూ కర్రల్లా బిగుసుకుపోతాయి, ఊపిరి బిగపట్టేస్తారు, నిమిషం తిరక్కుండానే ముంజేతుల్లో సత్తువ పోతుంది. కొన్ని నెలలకి ఆ చేతులే వదులవుతాయి. అవతలివాడు అడుగు వేసేటప్పుడు పాదం మీదకి బరువు పూర్తిగా పడేలోపు ఒక్క క్షణం ఉంటుంది చూశారూ, ఆ క్షణంలో కాలితో ఊడ్చేస్తే ఎంత లావుపాటి మనిషైనా కూలుతాడు. దే ఆషి బరాయ్ అంటే అంతే. ఆ క్షణం పుస్తకంలో దొరకదు, వీడియోలో దొరకదు. ఎదిరించే మనిషి దగ్గరే దొరుకుతుంది.

పరుగుమేలు:
ఇంత చర్చ ఎందుకండీ, పరుగెత్తడం ప్రాక్టీస్ చేయండి. ఫీజు కూడా ఉండదు.

టేపువేళ్లు:
పరుగెత్తాలంటే ముందు పట్టుకున్నవాడు వదలాలి కదా సార్.

సూటిమాట:
పాతమ్యాట్ గారూ, రాండోరి గొప్పదే. కానీ ఆ గొప్ప జూడో ఒక్కదాని సొత్తు కాదు. కుస్తీలో, బాక్సింగ్‌లో, బ్రెజిలియన్ జుజిత్సులో కూడా ఎదిరించే మనిషితోనే సాధన. ఆ మూడోది కూడా జూడో మనిషి మిత్సుయో మాయెదా బ్రెజిల్ వెళ్లి నేర్పినదాని నుంచే పుట్టిందనుకోండి, అది వేరే సంగతి.

"ఎంత లావుపాటి మనిషైనా" అన్నారే, అక్కడే నా అభ్యంతరం. మరి పోటీల్లో బరువు తరగతులు ఎందుకు పెట్టారు? 1964 టోక్యో ఒలింపిక్స్‌లో బరువుతో సంబంధం లేని విభాగం కూడా పెట్టారు. దాని ఫైనల్లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఆజానుబాహుడు ఆంటన్ గేసింక్, జపాన్ ఆటగాడు కమినాగాని నేలకి అదిమిపట్టి లేవనివ్వలేదు. కమినాగాకి మెళకువలు తక్కువా? కాదు. మెళకువ ఇద్దరికీ ఉంటే బలమున్నవాడిదే పైచేయి. ఇక అక్కగారి మీదకి వచ్చేవాడు ఆవిడకన్నా తక్కువ బరువు ఉంటాడా?

కత్తి సంగతి ఎత్తనే లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే ఒకణ్ణి పట్టుకుని మీరూ నేల మీదకి వెళ్లడం అంత ప్రమాదం ఇంకోటి లేదు.

టేపువేళ్లు:
నేను ఆడదాన్ని, చాలా ఏళ్లుగా మ్యాట్ మీద ఉన్నా. గేసింక్ కథ బాగుంది కానీ మీరే అన్నారు, "మెళకువ ఇద్దరికీ ఉంటే" అని. చెయ్యి పట్టుకునేవాడికి మెళకువ ఉండదు, బలముంటుంది. బరువు తేడా లెక్కలోకి రాదని నేనూ అనను. నాకన్నా బాగా బరువైన మగవాళ్లతో రాండోరి చేస్తే ఎక్కువసార్లు కింద పడేది నేనే.

కానీ అక్క గెలవక్కర్లేదు, బయటపడితే చాలు. క్లాసులో రోజూ జరిగే ఒక పని చెప్తా. కెసా గతామె అని ఒక పట్టు. మీద పడ్డవాడు మన మెడ చుట్టూ చెయ్యి వేసి, మన చేతిని చంకలో ఇరికించి, బరువంతా ఛాతీ మీద పెడతాడు. పోటీలో 20 సెకన్లు అలా పడేసి ఉంచితే ఇప్పోన్, ఆట అయిపోయినట్టే. మొదటి వారాల్లో ఆ పట్టు కింద చాలామంది ఆడపిల్లలకి ఏడుపొస్తుంది. ఊపిరాడదు, ఎటు తిరగాలో తెలీదు, కాళ్లు ఊరికే కొట్టుకుంటారు. తర్వాత్తర్వాత తెలుస్తుంది, పైకి తోయడం కాదు, పక్కకి తిరిగి మోచేతికీ పక్కటెముకలకీ మధ్య కాస్త సందు చేసుకోవాలని. ఆ టెన్షన్‌లో కూడా బుర్ర పనిచేయడం అలవాటవుతుంది. అపరిచితుడి బరువు మీద పడ్డప్పుడు కొయ్యబారిపోకుండా ఉండటం నాకు వేరే ఎక్కడా ఎవరూ నేర్పలేదు.

కత్తి చూపిస్తే ఫోనూ పర్సూ ఇచ్చేయడమే. ఏ కళ నేర్చుకున్నా దానికి జవాబు అదే.

కీళ్లనొప్పి:
ఫిజియోథెరపీలో ఉన్నాను, జూడో వాళ్లు మాకు మంచి కస్టమర్లు! భుజం, మోకాలు, చేతివేళ్లు, ఈ మూడూ ఎక్కువ. భుజం దెబ్బలు చాలావరకు పడేటప్పుడు చెయ్యి చాచి ఆపుకోబోయి తెచ్చుకున్నవే.

తల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 1983 తర్వాత మూడు దశాబ్దాల్లో జపాన్ బడుల్లో జూడో వల్ల 100 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువమంది కొత్తగా చేరినవాళ్లు, చాలావరకు తల దెబ్బలు. ఓసోటోగారి లాంటి పట్టుతో వెనక్కి పడేస్తే, పడటం రానివాడి తల వెనకభాగం నేరుగా తగులుతుంది. 2012లో అక్కడి మిడిల్ స్కూళ్లలో యుద్ధకళలు తప్పనిసరి చేసినప్పుడు దీని మీద పెద్ద గొడవే అయింది. దోషం ఆటదా, నేర్పే తీరుదా అంటే నేను రెండోదే అంటా. జూడో మనుషులు లక్షల్లో ఉన్న ఫ్రాన్స్‌లో ఇలాంటి పరిస్థితి లేదు. అక్కడ డబ్బు తీసుకుని నేర్పాలంటే ప్రభుత్వ డిప్లొమా ఉండాలి.

కొత్తబెల్టు:
ఇది అమ్మ కంటపడితే ఇద్దరం చేరినట్టే! ఈ వయసులో మొదలుపెట్టి రోజూ కింద పడటం ఒంటికి మంచిదేనా?

పాతమ్యాట్:
రోజూ అక్కర్లేదు, వారానికి రెండుసార్లు చాలు. ముందు ఉకెమి, అంటే పడటం. గడ్డం ఛాతీకి ఆనించాలి, అరచేయీ ముంజేయీ కలిపి మ్యాట్ మీద చరచాలి, ఊపిరి వదిలేయాలి. మొదట కూర్చుని, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాతే నిలబడి. ఇది విసుగ్గా ఉంటుంది, చాలామంది ఇక్కడే మానేస్తారు. కానీ నన్నడిగితే జూడోలో ఆత్మరక్షణ అంటూ ఉంటే సగం ఇదే. మీ మీద దాడి చేసేవాడు జీవితంలో ఎదురవకపోవచ్చు, తడి నేల మీద కాలు జారడం మాత్రం ఖాయం. స్వీడన్, నెదర్లాండ్స్‌లో పెద్దవయసువాళ్లకి పడటం నేర్పే జూడో తరగతులు కూడా ఉన్నాయి.

చేరేముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూడండి. కొత్తవాళ్లని మొదటివారమే ఓసోటోగారితో పడేస్తున్నారా? ఎవరైనా ట్యాప్ చేస్తే, అంటే చాలని చేత్తో తడితే, అవతలివాళ్లు వెంటనే వదులుతున్నారా? తల తిరుగుతోందన్నవాణ్ణి కూర్చోబెడుతున్నారా, "ఏం కాదులే" అని మళ్లీ దింపుతున్నారా? మొదటిదానికి అవునని గానీ, రెండోదానికి కాదని గానీ జవాబొస్తే వెనక్కి వచ్చేయండి. మూడోదాంట్లో మళ్లీ దింపేవాళ్లయితే అసలు ఆలోచించొద్దు.

సూటిమాట:
పడటం నేర్చుకోవడం మీద నాకు పేచీ లేదు. పడేయడం మీద ఒకటి. క్లాసులో మ్యాట్ ఉంటుంది, బయట సిమెంటు. సెయోయి నాగెతో, అంటే వీపు మీదకి ఎత్తి విసిరే పట్టుతో, ఒకణ్ణి సిమెంటు మీద తలకిందులుగా దింపితే వాడు చచ్చిపోవచ్చు, అప్పుడు కోర్టులో మీరు నిలబడాలి. ఇది కోచ్‌లు చెప్పరు.

టేపువేళ్లు:
మా కోచ్ చెప్తాడు. కాలు అడ్డంపెట్టి కూలదోస్తూ, వాడి చొక్కా చెయ్యి వదలకుండా పైకి లాగి పట్టుకుంటే తల అంత గట్టిగా తగలదు. గుద్దితే ఈ అవకాశం ఉండదు.

సూటిమాట:
భయంతో వణికిపోయే మనిషికి అంత నిదానం ఉంటుందంటే నేను నమ్మను. అక్కగారు చేరితే చేరనివ్వండి, రెండేళ్లు ఆగకుండా వెళ్తే అప్పుడు మాట్లాడదాం. భయంతో చేరినవాళ్లు భయం తగ్గగానే మానేస్తారు, నేను చూసింది అదే.

టేపువేళ్లు:
అందుకే ఇద్దరూ కలిసి చేరమంటున్నా. తమ్ముడికి సరదా ఉంది కాబట్టి అక్కని లాక్కెళ్తాడు.

కొత్తబెల్టు:
శనివారం క్లాసు చూడటానికి వెళ్తున్నాం. అక్క ఒకటి అడగమంది, గోళ్లు కత్తిరించుకోవాలా?

టేపువేళ్లు:
చేతులవీ, కాళ్లవీ రెండూ. ఉంగరం, చెవిపోగులు తీసేసి రమ్మనండి. జుట్టుకి మెత్తటి రబ్బరుబ్యాండు చాలు, క్లిప్పులు వద్దు.