రామప్పకు వచ్చినవారు ఒక రాత్రి ఆగేలా ట్రావెల్ ఏజెంట్లను ఒప్పించడం ఎలా?

ములుగు జిల్లా పాలంపేట దగ్గర మా కుటుంబం చిన్న హోమ్‌స్టే నడుపుతోంది. కాకతీయుల కాలంలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినా, ఉదయం హైదరాబాద్‌లో బయలుదేరి, నీటిపై తేలే ఇటుకల గురించి, ఇసుక పునాది గురించి గైడు చెప్పింది విని, సాయంత్రానికల్లా తిరిగి వెళ్లిపోయేవారే మాకు ఎక్కువగా కనిపిస్తున్నారు. ఆ గుడిలోని నల్లరాతి మదనికలను (స్త్రీమూర్తుల శిల్పాలను) తీరిగ్గా చూడాలంటేనే ఒక పూట పడుతుందని నా నమ్మకం. లక్నవరం చెరువును, బొగత జలపాతాన్ని కలిపి రెండు రోజుల యాత్రగా ఇతర రాష్ట్రాల ఏజెంట్లకు పరిచయం చేయాలనుకుంటున్నాను. వారికి ముందుగా ధరల పట్టిక పంపాలా, లేక వారినే ఒకసారి అతిథులుగా పిలవాలా? కమీషన్ ఎంత శాతం ఇవ్వడం ఆనవాయితీ? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.