సమస్యాపూరణం: ‘సబ్బు పెట్టి యుతుక గబ్బు పెరిగె’ (ఈసారి హాకీ కిట్ మీద)

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఇదిగో.

సబ్బు పెట్టి యుతుక గబ్బు పెరిగె

ఆటవెలది చివరి పాదం, అయిదూ సూర్యగణాలే, సబ్బు–గబ్బు ప్రాసయతి. ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. ఇంకో షరతు ఏమిటంటే పూరణ హాకీ ఆటగాళ్ల సామాను మీదే ఉండాలి. ప్యాడ్లు, గ్లవ్సు, హెల్మెట్, కిక్కర్లు (గోల్‌కీపర్ పాదాలకి తొడిగే కవచాలు), జెర్సీ, ఏదైనా సరే. మనలో ఆడేవాళ్లు, పిల్లల్ని ఆటకి తీసుకెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ కిట్ బ్యాగు తెరిస్తే ఏమవుతుందో వాళ్లకి చెప్పక్కర్లేదు. సరళాదేశాలు, అరసున్నలు నేను పట్టుబట్టను కానీ గణం, యతి మాత్రం వదలను. పద్యంలో చెప్పిన విషయం నిజమై ఉండాలి, ఎందుకంటే ఎవరో ఒకరు చదివి అలాగే చేస్తారు.

పద్యప్రియ:
మొదటి పూరణ నాది.

ఆట ముగియ నుతికి యారకుండగ నుంచె
సంచిలోన ప్యాడ్లు చాల నదిమి
మూడునాళ్ల పిదప ముడిని విప్పగ నమ్మొ
సబ్బు పెట్టి యుతుక గబ్బు పెరిగె

గోలీ అన్న:
బాగుంది, అసలు కారణం సరిగ్గా పట్టుకున్నారు. చెమటకి తనంతట తనకి పెద్ద వాసన ఉండదు, చర్మం మీద ఉండే బాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడే కంపు పుడుతుంది. వాటికి కావలసింది తడి, వెచ్చదనం, గాలి ఆడని చోటు. మూసిన సంచిలో ఆ మూడూ ఉంటాయి. ఉతికినంత మాత్రాన అన్నీ చావవు, మిగిలినవి ఆ తడిలో మళ్లీ పెరుగుతాయి. అందుకే ఉతికి తడిగా మూసేయడం కంటే, ఉతక్కపోయినా గాలికి ఆరబెట్టడమే మేలు అని నేను గట్టిగా నమ్ముతాను. ఒక్క అభ్యంతరం, కిట్ బ్యాగుకి ముడి ఉండదు కదా, జిప్పు ఉంటుంది.

పద్యప్రియ:
నిజమే అన్నా, ‘మూ’కి యతి కోసం ముడి వచ్చి పడింది. ఇలా మారిస్తే ఎలా ఉంటుంది?

చెమ్మ నిండిపోయి జిప్పు తీయగ నమ్మొ

నిర్వాహకులు:
చె–జి యతి కుదిరింది, ‘జిప్పు తీ’ ర గణం, ‘యగ నమ్మొ’ సల గణం. మొదటిదానికన్నా ఇదే నయం, కళ్లకి కడుతోంది. రెండో పాదంలో ‘లోన ప్యాడ్లు’ దగ్గర న గురువవుతుందా అని ఒకరు విడిగా అడిగారు. సమాసం కాదు, వేరే పదం, ఊది పలకం, కాబట్టి లఘువే.

డ్రాగ్‌ఫ్లిక్:
నాది సబ్బు మీదే.

గుప్పెడంత పొడిని గుమ్మరించిన వేళ
స్పాంజి పొరల నురగ పాతుకొనియె
జిడ్డు మీద చెమట చేరినంతన యింక
సబ్బు పెట్టి యుతుక గబ్బు పెరిగె

నిర్వాహకులు:
సమస్యకి ఇంత సూటిగా వచ్చిన పూరణ ఇప్పటిదాకా ఇదే. పద్యప్రియ గారి పద్యంలో తప్పు ఆరబెట్టకపోవడానిది, ఇక్కడ తప్పు సబ్బుదే, సమస్య అడిగింది అదే. ‘స్పాం’కి ‘పా’ యతి సంయుక్తాక్షరంలోని పకారంతో చెల్లుతుంది. ‘యింక’ మాత్రం గణం కోసం వచ్చినట్టుంది, ఇంకేదైనా దొరుకుతుందేమో చూడండి.

గోలీ అన్న:
విషయం నూటికి నూరుపాళ్లు నిజం. సబ్బు ఎక్కువైతే బాగా శుభ్రమవుతుందని అందరూ అనుకుంటారు. గ్లవ్సు ఉతికి, జాడించి, పని అయిపోయిందనుకున్నాక అరచేతి దగ్గర కుట్టు మీద బొటనవేలితో నొక్కి చూడండి, తెల్లటి నురగ చిన్న చిన్న బుడగలుగా కుట్టు రంధ్రాల్లోంచి బయటికి వస్తుంది. అది రావడం ఆగేదాకా జాడించాలి. పిండకూడదు, మెలిపెట్టకూడదు, లోపలి స్పాంజి చిరుగుతుంది, కుట్లు ఊడతాయి. పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా అదిమితే చాలా నీరు అందులోకి పోతుంది. ఒక్క మాట, ఇది గ్లవ్సుకి, ఛాతి కవచానికి, నడుము కింద కట్టే ప్యాడ్లకి వర్తిస్తుంది. గోల్‌కీపర్ కాళ్లకి కట్టే పెద్ద గార్డుల ఫోము గట్టిది, నీళ్లు పీల్చదు. వాటిలో కంపు కొట్టేది లోపలి బట్ట, పట్టీలు. సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో వాటిని రుద్ది, ఇంకో తడిగుడ్డతో తుడిస్తే చాలు, మొత్తం నానబెట్టాల్సిన పనిలేదు.

కొత్తకలం:
నాకిది మొదటిసారి. తప్పులుంటే చెప్పండి.

మెత్తబరచు మందు మేలటంచును పోయ
చెమట పీల్చు గుణము బట్ట వీడె
పొరలు కట్టి దాని పోగు మూసుకుపోయె
సబ్బు పెట్టి యుతుక గబ్బు పెరిగె

నిర్వాహకులు:
మొదటిసారికి గణాలు ఇంత శుభ్రంగా రావడం చాలా సంతోషం. రెండో పాదంలో యతి తప్పింది, ‘చె’కి ‘బ’ చెల్లదు. ‘చెమట పీల్చు గుణము జెర్సి వీడె’ అంటే చె–జె యతి కుదురుతుంది, అర్థం కూడా ఇంకా స్పష్టమవుతుంది. ఒక అభ్యంతరం ఉంది. మీ పద్యంలో దోషం ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్‌ది, సబ్బుది కాదు. చివరి పాదానికి వచ్చేసరికి సబ్బు పాపం ఏం చేసిందని పాఠకుడు అడుగుతాడు.

పద్యప్రియ:
నాకు అంత అభ్యంతరంగా అనిపించలేదండీ. సాఫ్ట్‌నర్ పోగు మీద పొర కట్టాక సబ్బు నీళ్లు లోపలికి దిగవు, అందుకే ఎంత ఉతికినా వాసన మిగిలిపోతుంది, కాబట్టి ‘సబ్బు పెట్టి’ అనేది ‘సబ్బు పెట్టినా’ అన్న అర్థంలో నిలబడుతుంది.

నిర్వాహకులు:
ఆ అన్వయం ఒప్పుకుంటాను. అయితే అది మూడో పాదంలోనే తేలాలి, ‘మూసుకుపోయె’ తర్వాత పాఠకుడు ఊహించుకోవలసి వస్తోంది.

గోలీ అన్న:
కొత్తకలం గారూ, చాలామందికి తెలియని మాట చెప్పారు. ఆట జెర్సీలు ఎక్కువగా పాలిస్టర్‌వే, నూలు కంటే పాలిస్టర్ వాసన ఎక్కువ పట్టుకుంటుంది. దాని మీద సాఫ్ట్‌నర్ పోస్తే చెమటని లాగి బయటికి పంపే గుణం కూడా పోతుంది. జెర్సీలు, మేజోళ్లు లోపలి వైపు బయటికి తిప్పి ఉతకండి, చెమట ఉండేది ఆ వైపే. మిషన్‌లో వేసేటప్పుడు వెల్‌క్రో పట్టీలు అన్నీ మూసేయాలి, లేకపోతే పక్కనున్న బట్టని గీకి పోగులు లాగేస్తాయి.

అవధానప్రేమి:
నేను క్రమాలంకారంలో ప్రయత్నించాను.

ఎట్లు మురికి తొలగె నింత తొందరగాను
ప్యాడ్లనుండి? నీదు పాత గ్లవ్సు
సంచిలోనె యుండ జరిగిన దేమయా?
సబ్బు పెట్టి యుతుక, గబ్బు పెరిగె!

డ్రాగ్‌ఫ్లిక్:
అబ్బ! రెండు ప్రశ్నలు, పాదాన్ని విరిస్తే రెండు జవాబులు. అద్భుతంగా ఉందండీ.

నిర్వాహకులు:
ఈ వారం దీన్ని మించింది వస్తుందని నేననుకోను. మొదటి పాదం యతి చూడండి, ‘తొలగెన్ + ఇంత’, ద్రుతంలోని నకారం మీద కాకుండా ఎ–ఇ స్వరాల మీద వేశారు, అదీ పద్ధతి. వైరుధ్యం దానంతటదే మాయమైపోయింది. విషయపరంగా కొత్తగా చెప్పింది తక్కువే, అయినా ఈ నిర్మాణానికి అది లోటు కాదు.

మిడ్‌ఫీల్డ్:
ఇదిగో నాది. చివరి పాదం మినహా మిగతాదంతా పరిష్కారమే.

బ్లీచు కొంత పోసి వెనిగరు కలిపితే
మొండి మురికి కూడ మూట గట్టు
అట్లు చేయకుండ నలవాటుగా వారు
సబ్బు పెట్టి యుతుక గబ్బు పెరిగె

గోలీ అన్న:
మిడ్‌ఫీల్డ్ గారూ, దయచేసి మొదటి పాదం వెంటనే మార్చండి. బ్లీచు, వెనిగర్ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. స్నానాల గదిలో తలుపు వేసుకుని ప్యాడ్లు కడిగేవాళ్లు ఎంతోమంది, ఊపిరితిత్తులకి అది ప్రమాదం. బ్లీచు ఒక్కటే వాడినా ఎలాస్టిక్, తోలు, రంగు పాడవుతాయి, అసలు కిట్ దగ్గరికే రానివ్వకూడదు. వెనిగర్ ఒక్కటే వాడొచ్చు, దానికి సమానంగా నీళ్లు కలిపి లోపలి వైపు చిలకరించి ఆరనిస్తే వాసన బాగా తగ్గుతుంది, ఆ పుల్లటి వాసన ఆరేసరికి పోతుంది.

నిర్వాహకులు:
గణయతుల్లో ఒక్క దోషం లేదు, బ–వ యతి కూడా సరిగ్గా ఉంది, కానీ ఇలాంటి పద్యాన్ని ఇలాగే ఉంచలేం. పద్యం నోటికి వస్తుంది, నోటికి వచ్చిన మాట చేతికి వస్తుంది. ఈ సవరణ చూడండి:

వేడి లేని నీట వెనిగరు కలిపితే

మిడ్‌ఫీల్డ్:
ధన్యవాదాలు, ఇదే ఉంచండి. మొదటిది ఎవరైనా రాసుకుని ఉంటే కొట్టేయండి. ‘వేడి లేని’ అన్నారు కదా, వేడినీళ్లతో అయితే క్రిములు చస్తాయి కదా అని నా సందేహం.

గోలీ అన్న:
చస్తాయి, కానీ సామాను కూడా చస్తుంది. ఫోము పొరల్ని అతికించిన జిగురు వేడికి వదులుతుంది, పళ్లకి పెట్టుకునే మౌత్‌గార్డ్ అయితే వేడినీటిలో మెత్తబడి ఆకారం పోతుంది, ఇక పళ్లకి సరిగ్గా పట్టదు. దాన్ని చల్లని నీళ్లలో బ్రష్‌తో తోమి రంధ్రాలున్న డబ్బాలో పెట్టాలి. హెల్మెట్‌కి సబ్బు నీళ్ల గుడ్డ చాలు, పెట్రోలు, థిన్నర్ లాంటివి తగిలితే ప్లాస్టిక్ చిప్ప బలహీనపడుతుంది, పైకి ఏమీ కనిపించదు, బంతి తగిలిన రోజు పగులుతుంది. ఇంకొకటి, పెనాల్టీ కార్నర్‌కి, అంటే మన తప్పుకి అవతలి జట్టుకి దొరికే గోల్ అవకాశానికి, గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురు కాపు కాస్తారు, మిగతా నలుగురి ఫేస్ మాస్కులు చాలా జట్లలో అందరూ మార్చి మార్చి పెట్టుకుంటారు. నుదుటికి తగిలే ఆ మెత్త మీద ఎంతమంది చెమట ఉంటుందో ఆలోచించండి. తామర, చర్మం మీద పుళ్లు ఇలాగే ఒకరి నుంచి ఒకరికి వస్తాయి. ఆట అయిన ప్రతిసారీ దాన్ని తుడవడానికి ఒకరికి బాధ్యత అప్పగించమని ప్రతి జట్టుకీ చెబుతాను. తువ్వాలు మాత్రం ఎవరిది వాళ్లదే.

కొత్తకలం:
ఎండలో పెట్టొచ్చా అన్నా? మా పాప గ్లవ్సు ఎండలో పెడితే అరచేతి తోలు అట్టలా అయిపోయింది.

గోలీ అన్న:
తోలుకి, ఎలాస్టిక్‌కి గంటలకొద్దీ ఎండ మంచిది కాదమ్మా, హెయిర్ డ్రయ్యర్ వేడి కూడా అంతే. నీడలో ఫ్యాన్ గాలికి, లోపలి వైపు పైకి వచ్చేలా విప్పదీసి పెట్టండి. వేళ్ల భాగం చివరికి ఆరుతుంది, వేలు పెట్టి చూసి చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. కిక్కర్లలో, బూట్లలో పాత పేపర్ ఉండలు కుక్కి, తడిసినప్పుడల్లా మారుస్తూ ఉండండి.

నిర్వాహకులు:
నా పూరణ కూడా ఒకటి.

చొక్క మాత్ర ముతికి శుభ్రమాయె నటంచు
ఛాతి కవచమునకు జలము లేదు
పాత చెమటమీద పడగ గొత్త చెమట
సబ్బు పెట్టి యుతుక గబ్బు పెరిగె

అవధానప్రేమి:
భావం బాగుంది, రోజూ జరిగేదే. కానీ ‘నటంచు’ తర్వాత క్రియ లేదు, అనుకున్నది ఎవరో తేలకుండానే రెండో పాదం మొదలైపోయింది. ‘శుభ్రమాయె ననిరి’ అంటే వాక్యం ముగుస్తుంది.

నిర్వాహకులు:
‘యె ననిరి’ నాలుగు లఘువులు, నల గణం, సరిపోయింది. మార్చేశాను. ఈ వారం మొదటి స్థానం అవధానప్రేమి గారిది, విషయబలానికి డ్రాగ్‌ఫ్లిక్ గారిది. కొత్తకలం గారు మూడో పాదం సవరించి మళ్లీ పంపండి, ఎదురుచూస్తాను. పైన మాటల్లోంచే వచ్చే వారం సమస్య దొరికింది, ఇదీ ఆటవెలది చివరి పాదమే, విషయం కూడా ఇదే:

ఎండ చూపకున్న నెండిపోయె